చెత్త సేకరించే సంస్థల్లో గ్రీన్‌హౌస్ వాయువులు తగ్గించడం: బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చెత్త సేకరించేవాళ్లు, ఎరువు చేసేవాళ్లు, పొడి చెత్త వేరు చేసి అమ్మేవాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు ఫోన్ చేసి మళ్లీ మళ్లీ అడిగేవి ఇవి. మాది ఒక చిన్న ఎరువు యార్డు. ప్రతి ఒక్కరికీ అదే పాట పాడి గొంతు పోయింది, అందుకే ఒక చోట రాసి పెడుతున్నాం. ఇందులో కొన్ని జవాబులు మేం చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నవే.

మేం ఊరు శుభ్రం చేసేవాళ్లం. మా వల్ల కూడా వాతావరణం వేడెక్కుతోందంటారా?

అవును. తప్పు మీది కాకపోయినా గ్యాస్ మీ చేతుల మీదుగానే పోతోంది. ఇంట్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు బకెట్లో ఒక్క రోజు ఉంటే ఏమీ కాదు. అదే చెత్తను మీరు ఎత్తుకెళ్లి పెద్ద కుప్ప పోస్తే, లోపలికి గాలి ఆడక, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ వదులుతాయి. గోబర్ గ్యాస్ ట్యాంకులో జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ గ్యాస్‌ను గొట్టంలో పట్టి పొయ్యికి ఇస్తాం, డంపింగ్ యార్డులో ఆకాశానికి ఇస్తాం.

మా యార్డులో కొత్తగా చేరినవాళ్లకు గ్రీన్‌హౌస్, కార్బన్ అని చెప్పం. గోబర్ గ్యాస్ అంటాం. ఒక్క మాటలో అర్థమైపోతుంది.

మీథేన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ గ్యాసులే కదా, దీనికెందుకు అంత హడావుడి?

ఒక కిలో మీథేన్ నూరేళ్ల లెక్కలో దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్ల లెక్క చూస్తే 80 దాటుతుంది. ఎందుకంటే అది గాలిలో ఉండేది పన్నెండేళ్లు మాత్రమే, ఉన్నన్నాళ్లూ మాత్రం గట్టిగా వేడి పట్టేస్తుంది. అంటే ఈ రోజు మీథేన్ ఆపితే ఫలితం మన పిల్లల కాలంలో కాదు, మన కాలంలోనే కనిపిస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో దాదాపు ఐదో వంతు చెత్త, మురుగునీటి నుంచే వస్తోంది.

మా సంస్థ ఎంత వదులుతోందో లెక్క ఎలా కట్టాలి? కన్సల్టెంటును పెట్టాలా?

మొదటి ఏడాదికి అక్కర్లేదు. మీ దగ్గర కాటా చీటీలు, డీజిల్ బిల్లులు, కరెంటు బిల్లులు ఉంటే ఒక సాయంత్రం కూర్చుని కట్టేయవచ్చు. మేం మొదటిసారి కట్టినప్పుడు ఒక పెద్ద పొరపాటు చేశాం. డీజిల్ లెక్క వేశాం, కరెంటు లెక్క వేశాం, ప్రింటర్ కాగితాలతో సహా వేశాం, చెత్త లెక్క మాత్రం వేయలేదు! యార్డులో పడి ఉన్నది మాది కాదు, జనానిది అనుకున్నాం. ఆ కాగితం చూసుకుని, మాకంటే పచ్చని సంస్థ లేదని ఒక ఏడాది మురిసిపోయాం కూడా.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. రోజుకు పది టన్నులు ఎత్తే సంస్థ ఒకటి ఉందనుకోండి, అందులో ఆరు టన్నులు తడి చెత్త. ఊళ్లో తిరిగే బండ్లు, దూరం వెళ్లే లారీ అన్నీ కలిపి రోజుకు 80 లీటర్ల డీజిల్ తాగుతాయి. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే రోజుకు 214 కిలోలు. కరెంటు వంద యూనిట్లు వాడితే, మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున ఇంకో 70 కిలోలు. రెండూ కలిపి టన్నులో మూడో వంతు కూడా లేదు.

ఇక తడి చెత్త. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి వాళ్ల ఐపీసీసీ ఇచ్చిన సూత్రం ఒకటుంది. తిండి చెత్తలో కుళ్లే కార్బన్ 15 శాతం, అందులో సగమే నిజంగా కుళ్లుతుంది, వచ్చే గ్యాస్‌లో సగం మీథేన్, ఐదు మీటర్లు దాటిన ఎత్తైన కుప్పకు 0.8 గుణకం. ఇవన్నీ గుణిస్తే టన్ను తిండి చెత్తకు 30 కిలోల కార్బన్, దాన్ని మీథేన్ బరువులోకి మార్చడానికి 16/12తో గుణిస్తే 40 కిలోల మీథేన్ తేలుతుంది. 28తో గుణిస్తే 1,120 కిలోలు. ఆరు టన్నులకు 6.7 టన్నులు. డీజిల్ 0.2, చెత్త 6.7, ముప్ఫై రెట్ల తేడా!

ఈ గ్యాస్ అంతా ఇవాళే రాదు, ఇవాళ పోసిన చెత్త కొన్నేళ్లపాటు వదులుతూనే ఉంటుంది. అందుకే ఈ రోజు కుప్ప పోయడం ఆపినా నిన్నటి కుప్ప పని చేస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి, అదే సూత్రంలో ఐదు మీటర్ల లోపు పలచటి కుప్పకు గుణకం 0.4 మాత్రమే, అంటే సగం. కుప్ప ఎంత ఎత్తుకు లేస్తే లోపల అంత ఊపిరాడదు.

అయితే ఎలక్ట్రిక్ ఆటోలు కొనడం దండగేనా?

దండగ అని ఎవరన్నారు? పొగ తగ్గుతుంది, డ్రైవర్ ఊపిరితిత్తులు బాగుంటాయి, డీజిల్ ఖర్చు మిగులుతుంది. కానీ వరస ముఖ్యం. పై లెక్కలోని సంస్థ అన్ని బండ్లనూ బ్యాటరీకి మార్చినా తగ్గేది రోజుకు 0.2 టన్ను లోపే, ఆ బ్యాటరీలు ఎక్కేదీ మళ్లీ ఎక్కువగా బొగ్గు కరెంటే. అదే డబ్బులో కొంత పెట్టి తడి చెత్తను యార్డులో కుప్ప పడకుండా చూస్తే ఐదు టన్నుల పైనే తగ్గుతుంది. ఎలక్ట్రిక్ ఆటోకు రిబ్బన్ కట్ చేయవచ్చు, ఫొటో బాగా వస్తుంది. ఎరువు కుప్పకు రిబ్బన్ ఎవరు కడతారు?

బండ్ల విషయంలో ముందు చేయాల్సినవి చవకైనవి. టైర్లలో గాలి, రూటు మ్యాపు, చిన్న బండ్ల చెత్తను లారీలకు మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ దగ్గర క్యూలో ఇంజన్ ఆపడం. బెంజి సర్కిల్ దాటాల్సిన బండి పొద్దున ఆరింటికి దాటితే ఒక లెక్క, తొమ్మిదిన్నరకు దాటితే ఇంకో లెక్క. ఇది చెప్పడానికి కన్సల్టెంటు అక్కర్లేదు.

ఎరువు చేస్తే మీథేన్ రాదా?

సరిగ్గా చేస్తే కొద్దిగానే వస్తుంది. ఐపీసీసీ అంకెల ప్రకారం కంపోస్టుకు వెళ్లిన ప్రతి టన్ను తడి చెత్తకు నాలుగు కిలోల మీథేన్, పావు కిలో నైట్రస్ ఆక్సైడ్ (ఇది మీథేన్ కంటే ఇంకా గట్టిగా వేడి పట్టే గ్యాస్). రెండూ కలిపి 176 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. డంపింగ్ యార్డులో 1,120, ఇక్కడ 176. ఇది సగటు యార్డు లెక్క. కంపోస్టు అని బోర్డు పెట్టి లోపల చెత్త దిబ్బ నడిపేవాళ్లకు ఈ అంకె వర్తించదు.

దిబ్బకీ ఎరువు కుప్పకీ తేడా గాలి ఒక్కటే. మా యార్డులో పెద్దక్క అని పిలిచే ఆవిడ ఉన్నారు, పదేళ్లుగా కుప్పలు తిరగేస్తున్నారు. మాకు థర్మామీటర్ ఉంది, ఆవిడకు ఇనుప ఊచ ఉంది. పొద్దున్నే ఊచను కుప్పలోకి దిగేసి, ఐదు నిమిషాలాగి బయటికి లాగి పట్టుకుంటారు. పట్టుకోలేనంత కాలితే కుప్ప బాగా పని చేస్తున్నట్టు, అప్పుడు మా థర్మామీటర్ 55 నుంచి 65 డిగ్రీలు చూపిస్తుంది. ఊచ చల్లగా వచ్చి, కొసన నల్లటి జిగురు అంటుకుని, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే, "తమ్ముడూ, కుప్పకి ఊపిరాడట్లా, తిరగెయ్యండి" అంటారు. ఆ నల్ల జిగురు ఉన్న చోటే మీథేన్ పుడుతుంది. మీథేన్‌కు సొంత వాసన లేదు, దానితోపాటు పుట్టే గ్యాసులే కంపు కొడతాయి, కాబట్టి ముక్కును మించిన మీటరు చిన్న సంస్థకు దొరకదు.

తడి విషయంలో పిడికిలి పరీక్ష చాలు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ కనిపించాలి, ధార కట్టకూడదు. ధార కడితే ఎండు సరుకు కలపండి. మన దగ్గర ఎండు సరుకుకు కొదవ ఏముంది, వరిగడ్డి, రంపపు పొట్టు, కొబ్బరి పీచు, గుంటూరు వైపు పత్తి కట్టె, మిరప కట్టె. ఒకసారి మిర్చి తొడిమలు, తాలు కాయలు చవకగా దొరికాయని లారీ తెప్పించాం. కుప్ప బాగానే ఉడికింది కానీ తిరగేసిన ప్రతిసారీ యార్డు మొత్తం తుమ్ములు, దగ్గులు. వారం తర్వాత పెద్దక్క చీపురు పక్కన పెట్టేసి, మిగిలిన లారీ మీరే తిరగేసుకోండి అన్నారు. న్యాయమే.

వానాకాలం జాగ్రత్త. పైన రేకులు లేని కుప్ప రెండు రోజుల ముసురుకే జావ అవుతుంది, మూడో రోజు నుంచి అది ఎరువు కుప్ప కాదు, డంపింగ్ యార్డే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పరుపులు, బియ్యం బస్తాలు, సోఫాలు అన్నీ తడిసి వీధి వీధికీ గుట్టలు పడ్డాయి. అలాంటి రోజుల్లో ఎరువు గురించి ఎవరూ ఆలోచించలేరు, కానీ మామూలు వానలకు మాత్రం రేకుల షెడ్డు, కింద వాలు, చెత్త రసం పోయే కాలువ ఉండి తీరాలి.

కంపోస్టు మేలా, బయోగ్యాస్ మేలా?

కలపని తిండి చెత్త, అంటే హోటళ్లు, హాస్టళ్లు, కల్యాణ మండపాల చెత్త రోజూ ఒకే లెక్కలో వస్తుంటే బయోగ్యాస్. మార్కెట్ ఆకులు, కొమ్మలు, పీచు ఎక్కువైతే కంపోస్టు. టన్ను తిండి చెత్తకు సుమారు వంద ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది, అంటే రెండు కమర్షియల్ సిలిండర్ల పని చేస్తుంది. వినడానికి బాగుంటుంది, అసలు చిక్కు లీకేజీ దగ్గరుంది. ఆ గ్యాస్‌లో మీథేన్ దాదాపు 40 కిలోలు, అందులో పదో వంతు లీకైతే నాలుగు కిలోలు పోయినట్టు. అంటే అంత ఖర్చు పెట్టి మీథేన్ విషయంలో కంపోస్టుతో సమానమయ్యారన్నమాట.

కాబట్టి నెలకోసారి జాయింట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. స్లర్రీ, అంటే గ్యాస్ తీశాక మిగిలే చిక్కటి ద్రవం, బయటికొచ్చే తొట్టి తెరిచి ఉంటే అక్కడా గ్యాస్ పోతూనే ఉంటుంది, మూత వేయండి. గ్యాస్ వాడేవాళ్లు లేని రోజు గాలిలోకి వదిలేయకుండా కాల్చేయండి, కాల్చితే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, అది నయం. హోటల్‌కు సెలవని వాల్వు తెరిచి వదిలేసిన ప్లాంట్లు మేం చూశాం, ఎక్కడో చెప్పం.

పెద్ద ఎత్తున చేసింది ఇండోర్. రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకుని, ఆ గ్యాస్‌ను శుద్ధి చేసి బండ్లకు ఇంధనంగా మార్చే బయో సీఎన్‌జీ ప్లాంటు 2022 ఫిబ్రవరిలో అక్కడ మొదలైంది. కానీ అక్కడ ముందు ఇంటింటా చెత్త వేరు చేయడం కుదిరింది, తర్వాతే ప్లాంటు. మనవాళ్లు ప్లాంటు చూసి వచ్చి ప్లాంటు కొంటారు.

అపార్ట్‌మెంట్ వాళ్లు ఎన్నిసార్లు చెప్పినా కలిపేసే ఇస్తున్నారు. ఏం చేయాలి?

ముందు మీ బండి చూసుకోండి. ఇళ్లవాళ్లు రెండు డబ్బాల్లో ఇచ్చినదాన్ని మీ కుర్రాడు ఒకే బండిలో గుమ్మరించడం ఎవరైనా బాల్కనీలోంచి ఒక్కసారి చూశారంటే ఆ అపార్ట్‌మెంట్ పోయినట్టే. మళ్లీ ఏడాదిదాకా వేరు చేయరు, చెయ్యమని అడిగే మొహమూ మీకుండదు. చాలా చోట్ల తప్పు ఇళ్లల్లో లేదు, వాచ్‌మన్ దగ్గర ఉంది. ఐదంతస్తుల డబ్బాలు కిందికి తెచ్చేది ఆయనే, జాగా లేక ఒక డ్రమ్ములో పోసేదీ ఆయనే. మేం వాచ్‌మన్‌కు రెండో డ్రమ్ము ఇచ్చి, అట్టపెట్టెలు, సీసాలు అమ్మిన డబ్బు ఆయన్నే ఉంచుకోమన్నాం. మీటింగులన్నిటికంటే అదే పని చేసింది.

రూల్స్ కూడా మీ పక్కనే ఉన్నాయి. 2016 నియమాల్లోనే రోజుకు వంద కిలోలు దాటి చెత్త ఇచ్చేవాళ్లను పెద్ద ఉత్పత్తిదారుల కింద జమకట్టారు. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాల్లో తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి (బల్బులు, మందుల్లాంటివి) అని నాలుగు రకాలుగా వేరు చేయాలి. కాగితం చూపించి బెదిరించడం కాదు, సంఘం మీటింగులో ఒకసారి చదివి వినిపిస్తే చాలు.

కొండవీడు ప్లాంటుకు పంపేస్తే మా బాధ్యత తీరిపోతుంది కదా?

యడ్లపాడు దగ్గర కొండవీడులో జిందాల్ వాళ్ల ప్లాంటు చెత్త కాల్చి కరెంటు తీస్తుంది, 15 మెగావాట్లది. అక్కడికి వెళ్లిన చెత్త మీథేన్ వదలదు, అది నిజం. కానీ రెండు సంగతులున్నాయి. తడి చెత్తలో ఉండేది ఎక్కువగా నీళ్లే, దాన్ని కాల్చడమంటే ముందు నీళ్లు మరగబెట్టడమే. ఇక ప్లాస్టిక్ కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ పెట్రోలు పొగలాంటిదే, కిలోకు రెండు మూడు కిలోలు, అది లెక్కలో రాయాల్సిందే. ఆకులు, అన్నం కాలితే వచ్చేది మాత్రం చెట్టు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి మొత్తంలో కలపరు.

మా అభిప్రాయం అడిగితే, తడి చెత్త ఊళ్లోనే ఉండాలి, అమ్ముడుపోయే పొడి చెత్త స్క్రాప్‌కు పోవాలి, ఎవరూ కొనని మురికి ప్లాస్టిక్, గుడ్డ పేలికలు మాత్రం ప్లాంటుకో, జగ్గయ్యపేట, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకో పోవాలి. అన్నట్టు, విజయవాడ నుంచి అరవై కిలోమీటర్లు పది టన్నుల లారీ పోయి వస్తే టన్నుకు తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడే పడుతుంది. దూరాన్ని చూసి భయపడకండి, కలిపి పంపడాన్ని చూసి భయపడండి.

పాత డంపింగ్ యార్డు తవ్వి, జల్లెడ పట్టి వేరు చేస్తున్నాం, బయోమైనింగ్ అంటారు. దాంతో గ్యాస్ తగ్గుతుందా?

తగ్గుతుంది, అయితే పెద్ద వాటా ఇప్పటికే పోయి ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందటి తిండి చెత్త ఎప్పుడో మట్టి అయిపోయింది. జేసీబీ పెట్టేటప్పుడు పైపైన కొత్తగా పడ్డ పొరల్ని పలచగా పరిచి, వారం పది రోజులు తిరగేసి గాలి ఆడించాకే జల్లెడకు పంపండి. లోపల పట్టుకున్న గ్యాస్ ఒక్కసారిగా బయటపడినప్పుడు ఎవరో బీడీ ముట్టిస్తే ఎండాకాలంలో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక పక్క తవ్వుతూ ఇంకో పక్క కొత్త చెత్త పోస్తుంటే ఆ తవ్వకానికి అర్థం లేదు.

ఎండుటాకులు కాల్చేస్తే మీథేన్ రాదుగా, అది మేలు కదా?

కాదు. మసి, పొగ, దానిలోని నల్ల కార్బన్ కూడా వేడి పట్టేదే, చుట్టుపక్కల ముసలివాళ్ల ఊపిరికీ చేటు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000, పెద్ద మొత్తమైతే 25,000 రూపాయలు జరిమానా అంది. అయినా ఎండుటాకు ఎరువు యార్డుకు బంగారం, కాల్చడమేంటండీ, మాకివ్వండి.

దసరాకి, ఎండాకాలానికి చెత్త రెట్టింపవుతుంది. అప్పుడెలా?

నవరాత్రులకు అరటాకులు, పూలు, కొబ్బరి చిప్పలు, వినాయక చవితికి పత్రి, ఏప్రిల్, మే నెలల్లో కొబ్బరి బోండాలు. పూలు, ఆకులు త్వరగా కుళ్లుతాయి, వాటికి ముందే ఎండు సరుకు నిల్వ పెట్టుకోండి. బోండాన్ని అలాగే కుప్పలో వేస్తే ఏడాది తర్వాత కూడా బోండంలాగే పలకరిస్తుంది. ముక్కలు చేసే మిషన్ ఉంటేనే తీసుకోండి. చేసిన ముక్కలు కుప్పకు గాలి సందులిస్తాయి, అంటే మీ సమస్యే మీ ఎండు సరుకు అవుతుంది.

కార్బన్ క్రెడిట్లు అమ్మితే డబ్బొస్తుందట కదా?

రావచ్చు. తగ్గించిన గ్యాస్‌కు లెక్క కట్టి అమ్ముకునే పత్రాలే ఈ క్రెడిట్లు, ఇండోర్ అమ్మింది. మన దేశం 2023లో సొంతంగా కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం కూడా నోటిఫై చేసింది. కానీ రోజుకు నాలుగైదు టన్నులు ఎరువు చేసే సంస్థకు, ఆ కాగితాలు, ఆడిటర్ ఫీజులు, కొలతలు కలిపితే మిగిలేది తక్కువ. నలుగురైదుగురు కలిసి వెళితే ఆలోచించవచ్చు. రోజువారీ కాటా చీటీలు మాత్రం ఇప్పటి నుంచే దాచండి, రేపు ఎవరొచ్చినా అడిగేది మొదట అవే.

పొడి చెత్త సెంటర్లో పాత ఫ్రిజ్‌లు, ఏసీలు వస్తుంటాయి. వాటితో ఏమైనా ఉందా?

ఇది ఎవరూ అడగరు, అడిగినవాళ్లకు దండం పెట్టాలి. రాగి గొట్టం కోసం కుర్రాళ్లు కటింగ్ ప్లేయర్ పెట్టి ఒక్క నొక్కు నొక్కుతారు, బుస్సుమని గ్యాస్ పోతుంది, అంతే. పాత స్ప్లిట్ ఏసీలో చల్లబరిచే గ్యాస్ ఆర్-22 ఒక కిలో పోతే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోయినట్టు. పై లెక్కలోని సంస్థ వారం రోజులు బండ్లు తిప్పితే వచ్చేదానికంటే ఎక్కువ, ఆ ఒక్క బుస్సులో. ఫ్రిజ్‌లో గ్యాస్ వంద, నూట యాభై గ్రాములే, అయినా అందులోని ఆర్-134ఏ కిలోకు 1,300 రెట్లు.

మేం చేసేది ఇంతే. ఏసీ, ఫ్రిజ్ వస్తే గొట్టం ముట్టుకోకుండా పక్కన పెడతాం, పది పదిహేను కూడాక గ్యాస్ లాగి సిలిండర్‌లో పట్టే మిషన్ ఉన్న ఏసీ మెకానిక్‌ను పిలుస్తాం, తర్వాతే అనుమతి ఉన్న ఈ-వేస్ట్ వాళ్లకు ఇస్తాం. రాగి డబ్బులు వారం ఆలస్యంగా వస్తాయని కుర్రాళ్లు మొదట గొణిగారు. ఇప్పుడు మెకానిక్ వచ్చిన రోజు టీలు కూడా వాళ్లే తెప్పిస్తున్నారు.